చుక్కల ముగ్గు వచ్చిన చేతికి నెయిల్ ఆర్ట్ ఎంత పని?

మా చెల్లెలి పెళ్లి తిరుచానూరులో జరిగింది. ముహూర్తం తెల్లవారుజామున. ముందురోజు రాత్రి పదకొండింటికి పనులన్నీ అయ్యాక గోళ్లకు మెరూన్ రంగు మూడు కోట్లు మందంగా పట్టించి, కాసేపు ఊదుకుని పడుకున్నాను. లేచి చూస్తే పది గోళ్ల మీదా దుప్పటి నేత అచ్చుపడింది. అక్షింతలు వేస్తున్న నా చేతిని పెళ్లి ఫోటోలో జూమ్ చేసి చూపించడం మా చెల్లెలికి ఇప్పటికీ సరదా.

తప్పు రంగుది కాదు, నా తొందరది. నెయిల్ పాలిష్‌లో ముఖ్యమైన సరుకు నైట్రోసెల్యులోజ్. దాన్ని ద్రావకంలో కరిగించి సీసాలో పోస్తారు. ద్రావకం ఆవిరైపోతే రంగు పొర మిగులుతుంది. పొర మందంగా ఉంటే పైన ఆరినట్టు కనిపిస్తుంది గానీ లోపల మెత్తగానే ఉంటుంది. కాబట్టి ఇంట్లో మేనిక్యూర్ చేసుకోవాలంటే ముందు కావాల్సింది ఖరీదైన సీసాలు కాదు, గంటన్నర ఖాళీ సమయం. నేను ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటాను. మంగళ, శుక్రవారాల్లో గోళ్లు తీస్తే మా అవ్వ ఊరుకునేది కాదు, దీపాలు పెట్టాక అసలే వద్దనేది. శనివారం మా ఇంట్లో తలస్నానాలు, పిండి దీపాల హడావిడి. ఇక తీరిక దొరికేది ఆదివారమే.

సామాను

నెయిల్ కట్టర్, గోళ్ల ఫైల్, బఫర్ (గోరును నునుపు చేసే మెత్తటి దిమ్మె), పాత రంగు తీసే రిమూవర్, దూది, బేస్ కోటు (రంగు కింద వేసే పూత), రెండు మూడు రంగులు, టాప్ కోటు (అన్నిటి పైన వేసే పూత), కాస్త కొబ్బరినూనె. మా తిరుపతిలో గాంధీ రోడ్డు వైపు ఫ్యాన్సీ షాపుల్లో అన్నీ దొరుకుతాయి. ఇనుప ఫైల్ కంటే సన్నటి గరుకు ఉన్న అట్ట ఫైల్ కొనండి, గోరు అంచు చీలదు. ఆర్ట్ కోసం విడిగా కిట్ కొనకండి. తలపిన్ను, టూత్‌పిక్, ఇంకు అయిపోయిన పెన్ను రీఫిల్, సెల్లోటేపు చాలు.

రిమూవర్, పాలిష్ రెండూ ఇట్టే అంటుకునే సరుకు. పూజ గదిలో దీపం వెలుగుతున్నా, పక్కన స్టవ్ ఉన్నా అక్కడ కూర్చోకండి. కిటికీ దగ్గర కూర్చుంటే వాసనకు తలనొప్పి కూడా రాదు.

పాత రంగు తీసి, గోరు దిద్దడం

దూదిని రిమూవర్‌లో తడిపి గోరు మీద పది సెకన్లు అదిమి ఉంచి, మొదలు నుంచి కొసకు ఒక్క లాగు లాగండి. అటూ ఇటూ రుద్దితే రంగంతా చర్మానికి పూసుకుంటుంది. మెరుపుల రంగైతే ఐదు నిమిషాలు అలాగే ఉంచాలి. గోటితో గీకకండి. ఊడేది రంగొక్కటే కాదు, గోటి పై పొర కూడా.

తర్వాత కత్తిరించడం, ఫైల్ చేయడం. ఈ రెండూ గోరు పొడిగా ఉన్నప్పుడే చేయాలి. ఫైల్‌ను రంపంలా ముందుకీ వెనక్కీ ఆడించకుండా పక్క నుంచి మధ్యకు ఒకే దిక్కులో లాగండి. మూలలను లోపలికి అరగదీయకండి, గోరు అక్కడి నుంచే విరుగుతుంది. ఫొటోల్లో చూసి సూదిమొన గోళ్లకు ఆశపడొద్దు. రాగి సంగటి ముద్దలు చేసే చేతికి, బట్టలు పిండే చేతికి పొట్టిగా, మూలలు గుండ్రంగా ఉన్న గోళ్లే నిలుస్తాయి. చూడ్డానికీ శుభ్రంగా ఉంటాయి. ఆఖర్న బఫర్‌తో నాలుగైదు సార్లు మెల్లగా రుద్దితే చాలు. మెరుస్తోంది కదా అని రుద్దుతూ పోతే గోరు పల్చబడుతుంది.

గోళ్ల మీద తెల్ల మచ్చలు చూసి కాల్షియం తక్కువైందని టెన్షన్ పడేవాళ్లు మా వీధిలో సగంమంది ఉన్నారు. మామూలుగా అవి ఎప్పుడో తగిలిన చిన్న దెబ్బల గుర్తులు. గోరు నెలకు మూడు మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతుంది, మచ్చ దాంతోపాటే కొసకు వచ్చి పోతుంది.

క్యూటికల్ జోలికి ఎంతవరకు వెళ్లాలి?

గోటి మొదట్లో పల్చటి చర్మం ఉంటుంది కదా, అదే క్యూటికల్. క్రిములు గోటి కిందికి దిగకుండా అడ్డుకునేది అదే. పార్లర్‌లో కత్తిరిస్తారు కాబట్టి ఇంట్లోనూ కత్తిరించాలని నేను కూడా ఒకసారి చిన్న కత్తెర పట్టుకున్నాను. మూడో రోజుకి ఉంగరపు వేలు వాచి గోరుచుట్టు వచ్చింది. అది ఆవకాయ పెట్టే వారం కూడా. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఏమిటో కారం కలుపుతుంటే తెలిసొచ్చింది.

కాబట్టి కత్తిరించకండి. కొబ్బరినూనె చుక్క రాసి రెండు నిమిషాలు ఆగి, తడిగుడ్డ చుట్టిన వేలితో వెనక్కి మెల్లగా నెట్టండి. లేచిన తోలు ముక్క వేలాడుతుంటే ఆ ముక్క మటుకు కట్టర్‌తో తీయండి, లాగొద్దు.

చేతులు నానబెట్టడం గురించి కూడా చెప్పాలి. గోరువెచ్చని నీళ్లు, పేరులోనే గోరు ఉంది, హాయిగానే ఉంటాయి. కానీ గోరు నీళ్లు పీల్చుకుని కాస్త ఉబ్బుతుంది. ఉబ్బిన గోటికి రంగు వేస్తే అది ఆరి మళ్లీ ముడుచుకున్నప్పుడు పైనున్న రంగు పెచ్చులుగా లేస్తుంది. నానబెట్టాలని ఉంటే మూడు నాలుగు నిమిషాలకు మించొద్దు, రంగు వేయడానికి అరగంటైనా ఆగండి. నేనైతే నానబెట్టడం మానేసి నూనెతోనే సరిపెడుతున్నాను.

రంగు వేసే ముందు ప్రతి గోటినీ రిమూవర్ తడి దూదితో ఒకసారి తుడవండి. నూనె జిడ్డు ఏ మాత్రం ఉన్నా రంగు పట్టదు. రెండు రోజులకే ఊడిపోయిందని సీసాను తిట్టుకునేవాళ్లలో చాలామంది వదిలేసేది ఈ పనే.

రంగు

సీసాను గిలక్కొట్టకండి, గాలి బుడగలు చేరతాయి. రెండు అరచేతుల మధ్య పెట్టి దొర్లించండి. ముందు బేస్ కోటు, పల్చగా. ఇది లేకుండా ముదురు ఎరుపు వేస్తే గోరు పసుపుపచ్చగా మారుతుంది. ఆ మరకకు నిమ్మచెక్కలు అరగదీసినా లాభం లేదు. గోరు మొత్తం కొత్తగా రావడానికి ఆరు నెలలు పడుతుంది.

కుంచెను సీసా మూతికి ఒకవైపు ఒత్తి తీయండి. మధ్యలో ఒక గీత, అటు ఒకటి, ఇటు ఒకటి, మూడు గీతల్లో గోరు నిండాలి. చర్మానికి తగలకుండా చుట్టూ వెంట్రుకవాసి ఖాళీ వదలండి. చివర్లో గోటి కొస అంచుకు కూడా కుంచె ఒకసారి తాకించండి. రంగు ముందు అరిగేది అక్కడే. మొదటి కోటు చారలు చారలుగా ఉంటుంది, కంగారుపడి దిద్దకండి. మూడు నాలుగు నిమిషాలు ఆగి రెండో కోటు వేస్తే కప్పేస్తుంది.

ఎడమ చేత్తో కుడి చేతికి వేయడమే అందరికీ గండం. మోచేతులు రెండూ బల్లకు ఆనించండి. కుంచె పట్టుకున్న చేతిని వీలైనంత కదపకుండా ఉంచి, రంగు వేసే వేలిని కుంచె కింద తిప్పండి. మొదటిసారికే తేడా తెలుస్తుంది.

ఫ్యాన్ మాత్రం ఆపండి. తిరుపతి ఎండల్లో మే నెలలో ఫ్యాన్ ఆపమంటే తిట్టుకుంటారని తెలుసు. కానీ నేరుగా తగిలే గాలికి పై పొర ముందే బిగుసుకుని బుడగలు వస్తాయి. అక్టోబరు తర్వాత ముసురు రోజుల్లో అయితే రంగు ఆరడమే ఆలస్యం, ఒక్కో కోటుకు ఇంకో రెండు నిమిషాలు కలుపుకోండి.

ఇప్పుడు ముగ్గు

వాకిట్లో చుక్కలు పెట్టి ముగ్గేసే అలవాటున్నవాళ్లకు నెయిల్ ఆర్ట్ కొత్త విద్యేమీ కాదు. అదే లెక్క, వాకిలి చిన్నదైంది అంతే. పది గోళ్లకూ వేయకండి, ఉంగరపు వేలికొక్కదానికి వేస్తే నిండుగా ఉంటుంది.

పాత డబ్బా మూత మీద రెండు చుక్కల రంగు పోసుకోండి. తలపిన్ను గుండ్రటి కొస అందులో ముంచి, గోటికి నిటారుగా పెట్టి, నొక్కకుండా తాకించి ఎత్తేయండి. వాలుగా పెడితే చుక్క తోకచుక్క అవుతుంది. ప్రతి చుక్కకూ మళ్లీ ముంచితే అన్నీ ఒకే సైజు. ముంచకుండా వరసగా పెట్టుకుంటూ పోతే పెద్దది, చిన్నది, ఇంకా చిన్నది అని తగ్గుతూ వస్తాయి, మల్లెమొగ్గల దండలా. నడుమ రీఫిల్ కొసతో ఒక చుక్క, చుట్టూ తలపిన్నుతో ఐదు పెడితే పువ్వు. చుక్క తడిగా ఉండగానే టూత్‌పిక్ మొనతో మధ్యలోంచి కిందికి లాగితే ఆకు. ముదురుపచ్చ మీద తెల్ల పువ్వు, పసుపు మీద కుంకుమ రంగు చుక్క మా ఇంట్లో పిల్లలు గంగజాతరకు తప్పకుండా వేయించుకునేవి. మా మేనకోడలు ఒకసారి నామం వేయమని అడిగింది. "అత్తా, చిన్నదే" అంది కూడా. ఆ చేత్తోనే అన్నం తింటాం, గిన్నెలు తోముతాం, వద్దమ్మా అని పట్టుచీర అంచు వేసిచ్చాను.

ఆ అంచు కూడా తేలికే. అడుగు రంగు పూర్తిగా ఆరాలి, కనీసం గంట. టేపు ముక్కను ముందు చేతి వెనక అంటించి తీస్తే జిగురు తగ్గుతుంది. దాన్ని గోటికి అడ్డంగా అంటించి, పైన మిగిలిన కొసకు బంగారు రంగు వేసి, తడి ఆరకముందే టేపును మెల్లగా లాగేయండి. ఆరాక లాగితే అంచు చిరుగుతుంది.

చుక్కలు ఆరడానికి పావుగంట ఇచ్చాకే టాప్ కోటు. తొందరపడితే కుంచె వాటిని ఈడ్చుకుపోతుంది, ముగ్గు మీద నీళ్లు చల్లినట్టు అవుతుంది.

జెల్ పాలిష్, దాన్ని గట్టిపరిచే యూవీ దీపం సెట్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో చవకే. కొత్తవాళ్లకు నేను చెప్పను. సరిగా గట్టిపడని జెల్ చర్మానికి తగులుతూ ఉంటే అలర్జీ వచ్చే ప్రమాదముంది. వస్తే పోయేది కాదు.

తర్వాత

పావుగంటకు పైపైన ఆరుతుంది. లోపల గట్టిపడటానికి గంటలు పడుతుంది. కాబట్టి ఆ పూట వేడినీళ్ల స్నానం, గిన్నెలు, దుప్పటి, మూడూ దూరం. మర్నాటి నుంచి గిన్నెలకు రబ్బరు గ్లౌజులు వేసుకుని, రాత్రి పడుకునే ముందు గోటి చుట్టూ కొబ్బరినూనె రాసుకుని, మూడు రోజులకోసారి పల్చగా టాప్ కోటు వేస్తే వారం నిలుస్తుంది. లేత రంగులకు పసుపు ఇట్టే అంటుతుంది, ఊరగాయల రోజుల్లో ముదురు రంగే వేసుకోండి.

ఆసుపత్రిలో ఆపరేషన్ ఉంటే ముందే రంగు తీసేయండి. వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు ముదురు రంగు మీద తప్పు అంకె చూపించొచ్చు. మా అత్తగారికి కంటి ఆపరేషన్ రోజు నర్సమ్మ దూది, రిమూవర్ చేతికిచ్చి నన్ను పక్కన కూర్చోబెట్టింది. ముందురోజు ముచ్చటపడి ఆవిడ గోళ్లకు రంగు వేసింది నేనే మరి.