వూల్ హ్యాండ్లింగ్ పోటీకి యువ గొర్రెల రైతు ఎలా సిద్ధం కావాలి?

న్యూజిలాండ్‌లోని మాస్టర్టన్ పట్టణంలో 1961లో మొదలైన గోల్డెన్ షియర్స్ పోటీలు గొర్రెల ఉన్ని కత్తిరింపుకు ప్రపంచ ప్రసిద్ధి పొందాయి. అదే వేదికపై వూల్ హ్యాండ్లింగ్ అనే మరో పోటీ కూడా జరుగుతుంది. ఇందులో మిషను పట్టి ఉన్ని కత్తిరించే వ్యక్తికి మార్కులు ఉండవు; అతని కాళ్ల దగ్గర పడుతున్న ఉన్నిని అందుకొని, చెడును ఏరి, మంచిని వేరుచేసే వ్యక్తి పనినే న్యాయనిర్ణేతలు పరిశీలిస్తారు. అత్యున్నత స్థాయి అయిన ఓపెన్ విభాగంలో ఈ టైటిల్‌ను ఎన్నోసార్లు గెలిచిన గిస్బోర్న్ వాసి జోయెల్ హెనారేకు అక్కడి ఉన్ని షెడ్లలో ఉన్న గౌరవం చూస్తే ఈ పని విలువ అర్థమవుతుంది.

మన నెల్లూరు గొర్రెకు ఒంటి మీద వెంట్రుకే తప్ప ఉన్ని ఉండదు. గొంగడి నేయడానికి పనికివచ్చే దక్కనీ గొర్రె ఉన్ని ముతకగా, పొట్టిగా ఉంటుంది. న్యూజిలాండ్ గొర్రెల ఉన్ని ఒత్తుగా పెరిగి, నైపుణ్యంతో కత్తిరించినప్పుడు వీపు, పక్కలు, మెడ కలిసి ఒకే దుప్పటిలా ఊడివస్తుంది. దీన్ని ఫ్లీస్ అంటారు. ఆ దుప్పటిని చిరగకుండా, మురికి కలవకుండా బల్ల మీదికి చేర్చి శుభ్రం చేయడమే పోటీలోని ప్రధాన పని.

మొదటి అడుగు: సొంత షెడ్డులో చీపురు పట్టండి

మంద ఉన్న కుటుంబంలో పుట్టినవారికి సాధన కోసం ఎక్కడికీ వెళ్లాల్సిన అవసరం లేదు. కత్తిరింపు రోజుల్లో చదునుగా ఉండే ప్లాస్టిక్ చీపురు పట్టుకొని నేల శుభ్రంగా ఉంచడంతోనే పని మొదలుపెట్టాలి. నేల మీద మిగిలిన పొట్టి తునకలు, పెంటికలు అంటిన ముక్కలు మంచి ఉన్నిలో కలిస్తే దాని ధర పడిపోతుంది కాబట్టి, ఊడ్వడాన్ని చిన్న పనిగా చూడకూడదు. మెత్తని అడుగున్న చెప్పులు వేసుకోండి, జుట్టు ముడివేసుకోండి, వదులు దుస్తులు మానండి; తిరుగుతున్న మిషను పక్కనే మీరు వంగి పనిచేయాలి. మేత మోపులకు కట్టే ప్లాస్టిక్ తాడు ముక్క ఒక్కటి కూడా షెడ్డులో ఉండకూడదు, ఎందుకంటే అది ఉన్నిలో చేరితే మిల్లులో దారం దాకా వెళ్లిపోతుంది.

రెండో అడుగు: కత్తిరింపు వరుసను కంఠస్థం చేయండి

కత్తిరించే వ్యక్తి ముందుగా పొట్ట ఉన్ని తీస్తాడు. అది నేలను తాకిన వెంటనే అందుకొని, మూత్రం మరక ఉన్న భాగాన్ని చించి వేరుచేసి, మిగిలినదాన్ని దాని గంపలో వేయాలి. ఆ పసుపు మరక ఎంత కడిగినా పోదు. తర్వాత తొడల మధ్య భాగం, కాళ్లు, తల మీది కుచ్చు, మెడ, వీపు వరుసగా వస్తాయి. ప్రతి దశలోనూ పొట్టి ముక్కలను ఊడ్చి తీసేస్తూ, కత్తిరించే వ్యక్తి పాదాలకు అడ్డం రాకుండా కదలాలి. అతని చేయి ఎటు వెళ్లబోతుందో ముందే తెలిసినవారు తొందరపడాల్సిన పని ఉండదు, నా దృష్టిలో ఈ పోటీలో నిజమైన వేగం అదే.

మూడో అడుగు: విసరడం

ఎక్కువ కాలం సాధన చేయాల్సింది ఇదే. గొర్రె లేచేలోపు ఫ్లీస్ వెనుక కాళ్ల వైపు రెండు కొసలను రెండు చేతులతో గట్టిగా పట్టుకొని, మిగతా భాగాన్ని మోచేతులతో కూడదీసి, ఛాతీకి ఆనించుకొని బల్ల దగ్గరికి నడవాలి. అక్కడ కొసలు వదలకుండా, మిగిలినదాన్ని పైకీ ముందుకీ ఒక్కసారిగా విసరాలి. అప్పుడు మెడ భాగం అవతలి అంచుకు చేరి, ఫ్లీస్ గాలిలోనే తెరుచుకొని, కత్తిరించిన వైపు కిందకు, బయటి వైపు పైకి వచ్చేలా పరుచుకుంటుంది. కొసలు సరిగా పట్టుకోకపోతే ఫ్లీస్ ముద్దగా పడి, సర్దడానికే విలువైన సమయం పోతుంది. సాధనకు ఒక్క ఫ్లీస్‌నే మళ్లీమళ్లీ విసిరితే అది చిరిగి విడిపోతుంది, కాబట్టి షెడ్డు పని నడుస్తున్న రోజుల్లో వచ్చిన ప్రతి ఫ్లీస్‌నూ పాఠంగా తీసుకోవడం మేలు.

నాలుగో అడుగు: అంచులు తీయడం

బల్ల చుట్టూ చేతులు కదుపుతూ చెమట జిడ్డు పట్టిన, మరకలున్న, గడ్డి గింజలు అంటిన అంచులను తీసేయాలి. ఎక్కువ తీస్తే రైతుకు మంచి ఉన్ని నష్టం, తక్కువ తీస్తే మురికి మిగులుతుంది; రెండింటికీ పెనాల్టీ పాయింట్లు పడతాయి. నల్ల పోగులు కనిపిస్తే తప్పక ఏరాలి, ఎందుకంటే వాటికి లేత రంగులు పట్టవు. అట్టకట్టుకుపోయిన ఫ్లీస్‌ను వేరే గంపకు పంపాలి. మెరినో వంటి సన్న ఉన్నిలో మరో పరీక్ష ఉంది: ఒక పాయను రెండు చేతుల మధ్య బిగించి చెవి దగ్గర పెట్టి వేలితో మీటాలి. గట్టి ఉన్ని టింగుమంటుంది. మేత కొరతతోనో జబ్బుతోనో బలహీనపడిన ఉన్ని చిటపటమంటూ మధ్యలో తెగుతుంది.

బ్రిటన్‌లో పోటీ చేసేవారు ఇంకొకటి నేర్చుకోవాలి. అక్కడ శుభ్రం చేసిన ఫ్లీస్ పక్కలను లోపలికి మడిచి, వెనుక భాగం నుంచి మెడ వైపు బిగువుగా చుట్టి, మెడ ఉన్నిని లోపలికి దోపుతారు.

ఐదో అడుగు: పోటీకి పేరు ఇవ్వడం

స్థానిక వ్యవసాయ ప్రదర్శనల్లోని జూనియర్ విభాగంతో మొదలుపెట్టండి. న్యూజిలాండ్‌లో అక్టోబరులో అలెగ్జాండ్రాలో మెరినో పోటీలు, అక్కడి వేసవి చివర, అంటే ఫిబ్రవరి-మార్చిలో మాస్టర్టన్ పోటీలు, ఆ తర్వాత టె కుయిటి పోటీలు జరుగుతాయి. వేల్స్‌లో ఉన్నవారికి జూలైలో బిల్త్ వెల్స్‌లో జరిగే రాయల్ వెల్ష్ షో దగ్గరవుతుంది. సన్న ఉన్నికీ ముతక ఉన్నికీ వేరుచేసే పద్ధతి ఒకటి కాదు కాబట్టి, మీ మందలో ఉన్న రకానికి సరిపోయే పోటీనే ముందుగా ఎంచుకోవాలి.

తీసుకున్న సమయానికి వచ్చే పాయింట్లకు నేల మీద, బల్ల మీద, గంపల్లో కనిపించిన లోపాల పెనాల్టీలు కలుస్తాయి. తక్కువ మొత్తం వచ్చినవారే గెలుస్తారు. ఫలితం వచ్చాక న్యాయనిర్ణేతల దగ్గరికి వెళ్లి మీ పాయింట్ల వివరాలు అడగండి. నష్టం నేల దగ్గర జరిగితే ఊడ్వడాన్నీ, బల్ల దగ్గర జరిగితే అంచులు తీయడాన్నీ తదుపరి కత్తిరింపు రోజున సొంత షెడ్డులో దిద్దుకోండి.