ఏడబ్ల్యూఎస్ ప్రోసర్వ్‌తో పని చేయించుకునే పద్ధతి: ఎస్‌ఓడబ్ల్యూ నుంచి కట్‌ఓవర్ దాకా

ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ వాళ్ల క్లౌడ్ సర్వీసు) తరఫున మీతో మాట్లాడేవాళ్లు మూడు రకాలు. అకౌంట్ మేనేజర్‌తో పాటు వచ్చే సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ సలహా ఇస్తారు. దానికి బిల్లు ఉండదు, కానీ మీ సర్వర్ మీద చెయ్యి వెయ్యరు. సపోర్ట్ వాళ్లు టికెట్ పెడితే పలుకుతారు, దాని ప్లాన్ వేరే కొనుక్కోవాలి. ప్రొఫెషనల్ సర్వీసెస్, వాడుకలో ప్రోసర్వ్, ఫీజు తీసుకుని మీ టీమ్‌తో కలిసి పని చేసే కన్సల్టింగ్ విభాగం. మొదటివాళ్లు మీటింగ్‌లో సరేనన్న మాట ప్రోసర్వ్‌కు వర్తించదు. సంతకమైన ఎస్‌ఓడబ్ల్యూలో (ఏ పని, ఏ షరతుల మీద చేస్తారో చెప్పే ఒప్పంద పత్రం) ఏముందో అదే పని. అందులో లేనిది ఏదడిగినా చేంజ్ రిక్వెస్ట్, దాంతో పాటే మరో బిల్లు.

సొంత డేటా సెంటర్‌లో 60 సర్వర్లున్న కంపెనీ క్లౌడ్‌కు మారుతోందనుకుని చెప్పుకుందాం.

కొటేషన్ అడిగే ముందే లెక్క తీయండి. ఏడబ్ల్యూఎస్ పద్ధతిలో ప్రతి అప్లికేషన్‌కూ ఏడు దారులు ఉంటాయి: తీసేయడం, ఉన్నచోటే ఉంచడం, ఉన్నదున్నట్టు ఎక్కించడం, వర్చువల్ మెషిన్ల ప్లాట్‌ఫామ్‌తో సహా తరలించడం, బదులుగా రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ కొనడం, కొద్దిగా మార్చి ఎక్కించడం, తిరగరాయడం. ముందు తీసేసేవాటిని ఏరండి. ఎవరూ లాగిన్ కాని రిపోర్ట్ సర్వర్‌ను తరలించడానికి కన్సల్టెంట్ గంటలు కొనడం శుద్ధ దండగ. ఏ సర్వర్ ఏ సర్వర్‌తో మాట్లాడుతోందో పట్టే డిస్కవరీ టూల్‌ను కనీసం 30 రోజులు నడపండి. నెల మధ్యలో రెండు వారాలు నడిపి ఆపేస్తే, జీతాల సర్వర్‌కూ బ్యాంకుకూ ఉన్న లింకు కనబడదు. తరలించాక ఒకటో తారీఖున, జీతాలు పడనప్పుడు బయటపడుతుంది.

ఎస్‌ఓడబ్ల్యూ చేతికొచ్చాక ధర పేజీ కంటే ముందు 'అసంప్షన్లు', 'కస్టమర్ బాధ్యతలు' చదవండి. డబ్బు జారిపోయేది అక్కడే. 'కావలసిన ఫైర్‌వాల్ పోర్టులను కస్టమర్ 5 పనిదినాల్లో తెరవాలి' అని ఒక వాక్యం ఉందనుకోండి. చూడటానికి చిన్నదే. కానీ సర్వర్లను క్లౌడ్‌లోకి కాపీ చేసే ఏడబ్ల్యూఎస్ 'అప్లికేషన్ మైగ్రేషన్ సర్వీస్' ఏజెంట్‌కు (మీ సర్వర్ మీద వేసే చిన్న ప్రోగ్రామ్) మీ సర్వర్ల నుంచి బయటికి టీసీపీ 443, డేటా కాపీకి టీసీపీ 1500 పోర్టులు కావాలి. 443 సాధారణంగా తెరిచే ఉంటుంది. 1500 అడగ్గానే సెక్యూరిటీ టీమ్ కమిటీకి పంపుతుంది, మూడు వారాలు పోతాయి. ఆ మూడు వారాలూ కన్సల్టెంట్లు ఖాళీగా కూర్చున్నా గంటలు నడుస్తూనే ఉంటాయి. కిక్‌ఆఫ్‌కు (పని మొదలుకు) ముందే ప్రతి సబ్‌నెట్‌లో (మీ నెట్‌వర్క్‌లోని ఒక్కో భాగం) ఒక సర్వర్ మీద ఏజెంట్ వేసి, కాపీ మొదలైందని కళ్లతో చూడండి.

అంగీకారం సంగతి కూడా అంతే. 'డెలివరబుల్ అందిన 5 రోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే ఆమోదించినట్టే' అనే క్లాజు ఉంటే ప్రతి డెలివరబుల్‌కూ (వాళ్లు చేసి అప్పగించే ప్రతిదానికీ) మీ వైపు చదివే మనిషి పేరు రాసిపెట్టుకోండి, గడువు 10 రోజులు అడగండి. 'డిజైన్ డాక్యుమెంట్ ఇస్తాం' అన్న మాట చాలదు. 'ఆ డిజైన్ ప్రకారం మీ ఇంజినీర్ ఒక్కరే ఒక సర్వర్ నిలబెట్టగలగాలి' అని రాయించండి.

పని హద్దులు తేలితే ఫిక్స్‌డ్ ధర మేలు. తేలనప్పుడు ఫిక్స్‌డ్ అడిగితే రిస్కంతా ధరలో కలిపేస్తారు. అప్పుడు గంటల లెక్కకు ఒప్పుకుని, పైపరిమితి పెట్టి, వారం వారం మిగిలిన గంటలు చూడండి. ప్రయాణ ఖర్చులు, జీఎస్టీ కలిశాయో లేదో అడగండి. వచ్చేది ప్రోసర్వ్ ఉద్యోగులా, పార్ట్‌నర్ కంపెనీ మనుషులా అన్నది సంతకానికి ముందే తేల్చుకోవాలి.

డేటా ఎక్కడానికి పట్టే టైమును చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. 10 టీబీ డేటా 100 ఎంబీపీఎస్ లింకు మీద, లింకు మొత్తం మీకే దొరికినా, 8 లక్షల సెకన్లు. అంటే 9 రోజుల పైమాట. ఆఫీసు పనికి పోను 60 శాతమే దొరికితే 15 రోజులు. ఈలోగా మారే డేటా అదనం. మైగ్రేషన్ సర్వీస్ ఒక్కో సర్వర్‌కు 2,160 గంటలు, అంటే 90 రోజులు ఉచితం. కాపీ కోసం నడిచే డిస్కులకు, మెషిన్లకు మాత్రం మొదటి రోజు నుంచే ఛార్జీ. కాబట్టి 60 సర్వర్లకూ ఒకేసారి ఏజెంట్ వెయ్యొద్దు. మొదటి విడతలో తేలికైనవి 5, తర్వాత పదిహేనేసి.

రీజియన్‌ను, అంటే మీ సర్వర్లు ఉండబోయే ఏడబ్ల్యూఎస్ డేటా సెంటర్ల ప్రాంతాన్ని, కూడా ముందే ఎంచుకోండి. ముంబై రీజియన్ 2016లో, హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరులో మొదలయ్యాయి. హైదరాబాద్ కొత్తది. మీకు కావలసిన ప్రతి సర్వీసూ అక్కడ ఉందో లేదో జాబితా పట్టుకుని సరిచూడండి.

రూట్ అకౌంట్ (అన్ని అధికారాలూ ఉన్న అసలు లాగిన్) మీ కంపెనీ గ్రూప్ ఈమెయిల్ మీదే ఉండాలి, ఎంఎఫ్ఏ పరికరం (పాస్‌వర్డుకు తోడు రెండో తాళం) మీ బీరువాలో ఉండాలి. కన్సల్టెంట్లకు గడువున్న రోల్స్ (తాత్కాలిక అనుమతులు) ఇవ్వండి, పర్మనెంట్ పాస్‌వర్డులు వద్దు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం లాగులు (సిస్టమ్‌లలో జరిగినవాటి రికార్డులు) 180 రోజులు దేశంలోనే ఉండాలి. ఏడబ్ల్యూఎస్ అకౌంట్‌లో ఎవరేం చేశారో నమోదు చేసే క్లౌడ్‌ట్రెయిల్ ఈవెంట్ హిస్టరీ దానంతటది ఉంచేది 90 రోజులే. మన దేశ రీజియన్‌లోని ఎస్3 బకెట్‌లోకి (ఏడబ్ల్యూఎస్‌లో ఫైళ్లు దాచే చోటు) ఆ రికార్డులు చేరేలా ట్రెయిల్ పెట్టడం ఎస్‌ఓడబ్ల్యూలో ఒక అంశంగా చేర్చండి.

పని నేర్చుకోవడాన్ని చివరి వారానికి వదిలేస్తే మిగిలేది స్లైడ్లే. మొదటి మూడు సర్వర్లు వాళ్లు చేస్తుంటే మీవాళ్లు చూడాలి, తర్వాతి మూడు కలిసి చెయ్యాలి, ఆ తర్వాతివి మీవాళ్లు చేస్తుంటే వాళ్లు పక్కన కూర్చోవాలి. టెర్రాఫామ్ కోడ్ (క్లౌడ్ సర్వర్లు, నెట్‌వర్క్ నిలబెట్టే స్క్రిప్టులు) మొదటి రోజు నుంచే మీ రిపోజిటరీలో పడాలి. ఇందుకు మీ వైపు ఒక నెట్‌వర్క్ మనిషి, ఒక డీబీఏ (డేటాబేస్ చూసే మనిషి) సగం టైమైనా ఖాళీగా ఉండాలి. నిర్ణయం తీసుకోగల మేనేజర్ ఒకరు పూర్తి టైమ్ ఉండాలి. ఈ ముగ్గురినీ కేటాయించలేకపోతే ప్రాజెక్టును వాయిదా వెయ్యడమే మంచిది.

కట్‌ఓవర్, అంటే పాత సర్వర్ల నుంచి కొత్తవాటికి మారడం, శనివారం రాత్రి అనుకుంటే, డీఎన్ఎస్ టీటీఎల్‌ను (మీ సర్వర్ అడ్రసును బయటి కంప్యూటర్లు ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే అంకె) 86,400 సెకన్ల నుంచి 300కు గురువారమే తగ్గించండి. శనివారం తగ్గిస్తే పాత అడ్రసు ఆదివారం రాత్రి దాకా బయటి క్యాషుల్లో కూర్చుంటుంది, సగం మంది పాత సర్వర్‌కే వెళ్తుంటారు. క్లౌడ్ నుంచి బయటికెళ్లే స్థిర ఐపీలను బ్యాంకుకు, పేమెంట్ గేట్‌వేకు రెండు వారాల ముందే ఇచ్చి వైట్‌లిస్ట్ (వాళ్ల అనుమతి జాబితాలో చేర్పించడం) చేయించండి. సర్వర్ చక్కగా లేచి, పేమెంట్లు మాత్రం పడకపోవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

పాత సర్వర్లకు వెనక్కి వెళ్లాలా వద్దా అన్నది ఏ టైముకు తేల్చాలో ముందుగానే రాసిపెట్టుకోండి, ఉదాహరణకు ఆదివారం ఉదయం 4 గంటలకు. అది యూజర్లను లోపలికి వదలకముందే జరగాలి. వదిలాక వెనక్కి వెళ్తే, కొత్త సర్వర్‌లో పడిన ఎంట్రీలు పాతదానిలో ఉండవు. బిజినెస్ వాళ్లు సంతకం పెట్టేదాకా మైగ్రేషన్ సర్వీస్ కన్సోల్‌లో 'ఫైనలైజ్ కట్‌ఓవర్' నొక్కనివ్వొద్దు. అది నొక్కగానే రెప్లికేషన్ (పాత సర్వర్ నుంచి సాగే కాపీ) ఆగి, మైగ్రేషన్ సర్వీస్ దగ్గర కాపీ అయి ఉన్న డేటా తుడిచిపెట్టుకుపోతుంది. మళ్లీ ప్రయత్నించాలంటే ఆ 15 రోజుల కాపీ మొదటి నుంచి చెయ్యాలి.