బోరిస్ బృందాన్ని ఏ వరుసలో వినాలి

టోక్యోలో 1992లో మొదలైన బోరిస్ అనే రాక్ సంగీత బృందం మూడు దశాబ్దాలుగా తన ధోరణిని మార్చుకుంటూనే ఉంది. కనుక మొదటి ఆల్బమ్ నుంచి వరుసగా వినాలనుకునేవారు అక్కడే ఆగిపోయే ప్రమాదం ఉంది. 1996 నాటి ఆ 'అబ్సల్యూటెగో' గంటసేపు సాగే ఒకే ఒక్క పాట.

అందుచేత 2005లో వచ్చిన 'పింక్'తో మొదలుపెట్టండి. మొదటి పాటలో గిటార్ల హోరు వెలుగులా పరుచుకుంటే, గొంతు దాని వెనుక ఎక్కడో దూరం నుంచి వినిపిస్తుంది. అది ముగిశాక రెండో పాట ఒక్కసారిగా పరుగందుకుంటుంది. ఈ రెండింటినీ విరామం లేకుండా వింటే బృందపు రెండు స్వభావాలూ తెలుస్తాయి.

తరువాత 2000 నాటి 'ఫ్లడ్'కు వెళ్లండి. నాలుగు భాగాలుగా 70 నిమిషాలు సాగే ఈ రచన నా దృష్టిలో వారి అత్యుత్తమ కృషి. మొదటి భాగంలో ఒక చిన్న గిటార్ వరస పదేపదే తిరుగుతూ, తన ప్రతిధ్వని నుంచి కొద్దికొద్దిగా దూరమవుతుంది. ముందేం వస్తుందోనని ఎదురుచూడకుండా, ఆ ఎడం మీదే చెవి నిలపండి. ఇంత ఓపిక అలవడ్డాక 'అబ్సల్యూటెగో' కష్టమనిపించదు, ముఖ్యంగా తంబురా శ్రుతిని శ్రద్ధగా విన్న చెవులకు. అయితే దానిని ఫోన్ స్పీకర్‌లో వినవద్దు; అందులోని మంద్రధ్వని అక్కడ పూర్తిగా మాయమవుతుంది.

1996లో డ్రమ్మర్ వెళ్లిపోవడంతో గాయకుడు అత్సువో డ్రమ్స్ అందుకున్నారు. గిటార్ వాయించే వాటా అనే కళాకారిణి, గిటార్, బేస్ రెండూ ఉన్న జంట వాద్యం వాయించే తకేషి ఆయనతో కలిసి ఈ బృందాన్ని ఇన్నేళ్లు నిలిపారు. మార్పును కొలవడానికి వారే గుర్తులు పెట్టారు: 2002, 2011, 2022లలో మూడు వేర్వేరు ఆల్బమ్‌లకు 'హెవీ రాక్స్' అనే ఒకే పేరు పెట్టారు. వీటిలో రెండోదాన్ని వినేటప్పుడు, దానితోపాటే విడుదలైన 'అటెన్షన్ ప్లీజ్'ను తప్పక జత చేయండి. పూర్తిగా వాటా గొంతుతో నడిచే ఆ ఆల్బమ్‌ను విడిగా వింటే, వారు బరువైన సంగీతాన్ని వదిలేశారని పొరబడతారు.

చివరికి 2020 నాటి 'నో', 2022 నాటి 'డబ్ల్యూ' వినాలి. మొదటిది ఉరుకులు పెట్టే ఆగ్రహం, రెండోది వాటా మెత్తని స్వరం. ఇంగ్లీషులో ఈ రెండు పేర్ల అక్షరాలూ కలిపితే 'నౌ' అవుతుంది గనుక, వాటిని ఒకే సాయంత్రం, విడుదలైన వరుసలోనే వినండి.