ఇంజన్ మార్చిన బండి మొరాయిస్తోందా? తప్పు తుక్కు యార్డులోనే జరిగి ఉంటుంది

పాత మహీంద్రా ఎంఎం 540 జీపులోంచి 2112 సీసీ పెజో డీజిల్ ఇంజన్ దించేసి, తుక్కు యార్డులో కొన్న 2523 సీసీ డీఐ (డీజిల్‌ని నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే) ఇంజన్ ఎక్కించుకున్నాను. ఎక్కించాక వచ్చిన ప్రతి జబ్బుకీ మెకానిక్‌ని తిట్టుకున్నాను గానీ పాపం అతని తప్పేం లేదు, నేను కొన్న సరుకే అలాంటిది. అందుకే ముందు జబ్బు చెప్పి, అది కొనేటప్పుడు చేసిన ఏ పొరపాటు వల్ల వస్తుందో, ఇప్పుడేం చేయాలో రాస్తున్నాను.

క్లచ్ పూర్తిగా తొక్కినా గేరు గరగరమంటోంది

ఇంజన్ ఒకచోట, గేర్‌బాక్స్ ఇంకోచోట కొంటే వచ్చేది ఇదే. రెండూ ఒకే కంపెనీ జీపులవే కదా అనుకుని నా పాత గేర్‌బాక్సే ఉంచేశాను. కానీ పెజో, డీఐ పుట్టుకతోనే వేరు, బెల్ హౌసింగ్ (ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య క్లచ్‌ని కప్పే గుల్ల) బోల్టులు కలవవు. లేత్ షాపులో ఓ ప్లేటు చేయించి మధ్యలో పెట్టి బిగించాం. ఆ ప్లేటు మందం మేర గేర్‌బాక్స్ వెనక్కి జరిగింది, దాంతో గేర్‌బాక్స్‌లోంచి ముందుకొచ్చే ఇన్‌పుట్ షాఫ్ట్ కొస, దాన్ని పట్టి ఉంచడానికి క్రాంక్ చివర ఉండే పైలట్ బేరింగ్‌లోకి సరిగ్గా అందలేదు. కొసకి ఆసరా లేక షాఫ్ట్ ఊగుతుంటే క్లచ్ ప్లేటు ఎక్కడ విడుతుంది? లేత్‌లో చేయించిన ప్లేటు రంధ్రం క్రాంక్ నడిమధ్యకి ఏమాత్రం అటూ ఇటూ అయినా ఇదే గొడవ.

అనుమానం ఉంటే పైలట్ బేరింగ్ లోపల పల్చగా గ్రీజు రాసి, గేర్‌బాక్స్ బిగించి మళ్లీ దించండి. షాఫ్ట్ కొసకి ఎంత మేర గ్రీజు అంటిందో అంతే లోపలికి వెళ్తోందన్నమాట. గోరంత అంటితే పొడుగు బుష్ చేయించాల్సిందే. ఇన్‌పుట్ షాఫ్ట్ మీద పళ్లు లెక్కపెట్టి దానికి సరిపడే క్లచ్ ప్లేటు తెచ్చుకోవాలి, క్లచ్ తొక్కినప్పుడు దాన్ని నొక్కే రిలీజ్ బేరింగ్ ఎత్తు కూడా చూసుకోవాలి. నేను ఇవన్నీ చేసి, విసుగొచ్చి, చివరికి డీఐతో వచ్చే గేర్‌బాక్సే కొన్నాను. ఇంకా కొననివాళ్లకి నా మాట ఒకటే: ఇంజన్, ఫ్లైవీల్, క్లచ్ సెట్టు, బెల్ హౌసింగ్, గేర్‌బాక్స్ అన్నీ ఒకే బండివి, వీలైతే విడదీయకముందే తీసుకోండి. ఇంజన్ ఒక్కటే చవగ్గా వస్తోందంటే మిగతా డబ్బు లేత్ షాపులో కడతారు.

ఒక సిలిండర్ సరిగ్గా కొట్టడం లేదు, గేజి తీస్తే ఆయిల్ పాల టీలా ఉంది

హెడ్ గాస్కెట్ పోయినా ఆయిల్ ఇలాగే ఉంటుంది. కానీ మన వైపు కొన్న ఇంజన్ అయితే ముందు వరదని అనుమానించాలి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లొచ్చాయి, లంకలన్నీ మునిగాయి. అలా మునిగిన బండి ఇంజన్‌ని కడిగి, నల్లరంగు కొట్టి పెడితే పైకి ఏం తెలుస్తుంది? నాకు అమ్మినాయన "ఆయ్, నీళ్లు చూడని బండండీ ఇది" అన్నాడు. ఇంటికొచ్చి బెల్ హౌసింగ్ కింద ఉండే చిన్న రేకు విప్పి లోపల వేలు పెట్టి తిప్పితే గోరు నిండా ఎండిన ఒండ్రు వచ్చింది. గోదావరి ఒండ్రు అబద్ధం చెప్పదు కదా. డైనమో లోపల, సెల్ఫ్ మోటారు ముక్కు దగ్గర, టైమింగ్ కవరు అంచుల్లో కూడా చూడండి, రంగు వేసేవాడి బ్రష్ అక్కడిదాకా వెళ్లదు.

నిలబడి ఉండగా మునిగిన ఇంజన్ కొంత నయం. నడుస్తుండగా ఎయిర్ ఫిల్టర్ గుండా నీళ్లు మింగిందంటే పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే రాడ్డు వంగుతుంది, ఎందుకంటే నీరు గాలిలా నలగదు. ఇది హెడ్ దించకుండానే పట్టుకోవచ్చు. డీఐ ఇంజన్‌కి ఇంజెక్టర్లు తీసి, ఒక్కో సిలిండర్‌లో సైకిల్ చువ్వ దింపి, పిస్టన్ పూర్తిగా పైకొచ్చినప్పుడు చువ్వ మీద గీత పెట్టుకోవాలి. నాలుగు గీతలూ ఒకచోట పడాలి. ఒకదాంట్లో మాత్రం చువ్వ ఎక్కువ లోతుకి దిగిందంటే ఆ రాడ్డు వంగినట్టే, కంప్రెషన్ కూడా అందులో తక్కువ చూపిస్తుంది. పెజో లాంటి పాత ఇంజన్లకి ఈ చిట్కా పనికిరాదు, ఇంజెక్టర్‌కీ పిస్టన్‌కీ మధ్య ప్రీ ఛాంబర్ (డీజిల్ ముందు మండే చిన్న గది) అడ్డం ఉంటుంది. అక్కడ కంప్రెషన్ గేజే గతి. రాడ్డు వంగితే రాడ్డు, బేరింగులు మార్చి సిలిండర్ బోరు అరిగిందేమో చూపించుకోవాలి. ఆ ఖర్చు విన్నాక ఇంకో ఇంజన్ వెతుక్కోవడమే మేలనిపిస్తుంది.

టాప్ గేర్‌లో కూడా రొద, 80 దాటాక బండి ఏడుస్తోంది

ఇంజన్ బాగానే ఉంటుంది, వెనక ఆక్సిల్ నిష్పత్తి (చక్రం ఒక చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరిగే చుట్లు) కలవలేదు. పాత జీపుల్లో 5.38 కూడా కనిపిస్తుంది. లెక్క చూడండి: టైరు మీద సుద్దతో గీత పెట్టి ఒక చుట్టు దొర్లిస్తే 2.2 మీటర్లు వచ్చిందనుకుందాం. గంటకి 80 కిలోమీటర్లంటే చక్రం నిమిషానికి సుమారు 606 సార్లు తిరుగుతుంది. 5.38తో గుణిస్తే నేరు గేర్‌లో, అంటే ఇంజన్, ప్రొపెల్లర్ షాఫ్ట్ సమానంగా తిరిగే గేర్‌లో, ఇంజన్ 3,260 చుట్లు. డీఐ పూర్తి బలం ఇచ్చేదే 3,200 దగ్గర, అంటే ఆ వేగానికే అది అంచుకి వచ్చేసింది. అదే ఆక్సిల్ 4.1 అయితే 2,485 చుట్లే. కాబట్టి ఓవర్‌డ్రైవ్ (ఇంజన్ కన్నా షాఫ్ట్ వేగంగా తిరిగే గేరు) ఉన్న అయిదు గేర్ల బాక్స్ గానీ, నిష్పత్తి తక్కువున్న ఆక్సిల్ గానీ చూడాలి. మీ ఆక్సిల్ ఎంతో తెలీకపోతే వెనక ఒక చక్రమే జాకీతో లేపి, న్యూట్రల్‌లో రెండు చుట్లు తిప్పుతూ ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి, అదే నిష్పత్తి.

ఇంజన్ కూర్చోవడం లేదు

ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే ఛాంబర్ గిన్నె ముందు ఆక్సిల్ మీద ఆనుతుంటే, గిన్నె వెనక వైపున్న ఛాంబర్ వెతకాలి, దాంతోపాటు ఆయిల్ పీల్చే గొట్టం కూడా మార్చాలి. ముందు చక్రాలు లాగే కారు ఇంజన్ తెచ్చి వెనక చక్రాలు లాగే బండిలో పెట్టాలనుకుంటే ఆ గేర్‌బాక్స్ ఎందుకూ పనికిరాదు. మారుతి ఎస్టీమ్, జిప్సీ కింగ్ రెండింటిలోనూ 1298 సీసీ ఇంజనే, కానీ ఎస్టీమ్‌లో అడ్డంగా, జిప్సీలో నిలువుగా ఉంటుంది. జిప్సీకి జిప్సీ గేర్‌బాక్సే కావాలి.

సెల్ఫ్ తిరుగుతోంది, స్టార్ట్ కాదు

కామన్ రైల్ (కంప్యూటరుతో నడిచే కొత్త రకం డీజిల్) ఇంజన్ అయితే డీజిల్ పంపు విప్పకముందు తాళంచెవి సంగతి చూడండి. ఈసీఎం, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటరు, తన తాళాన్ని గుర్తుపట్టకపోతే ఇంజెక్టర్లు తెరవదు. ఈసీఎం, తాళం, ఇమ్మొబిలైజర్ (తాళాన్ని సరిచూసే పెట్టె), మీటరు బోర్డు, వైరింగ్ మొత్తం అదే బండివి రావాలి, వైర్లు కత్తిరించి ఇస్తానంటే వద్దనండి. సముద్రం పక్కనున్న అంతర్వేది, ఓడలరేవు వైపు బండి అయితే కనెక్టర్ల లోపల పచ్చగా చిలుం పట్టిందేమో కూడా చూడాలి.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గర ఆగిపోయింది

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో వివరాలు మారేలా బండి మార్చాలంటే ఆర్‌టీఓ అనుమతి ఉండాలి, మార్చాక 14 రోజుల్లో తెలియజేయాలి. ఇన్సూరెన్స్ వాళ్లకీ చెప్పాలి. కొనేటప్పుడే బిల్లు, పాత బండి ఆర్‌సీ కాపీ అడగండి. ఇంజన్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది, వచ్చిన అంకెలు ఆర్‌సీతో పోల్చాకే డబ్బులు లెక్కపెట్టండి. నంబరు ఉండే చోట గ్రైండర్ గీతలు కనిపిస్తే బేరం కూడా ఆడొద్దు, వచ్చిన ఆటోలోనే వెనక్కి వచ్చేయండి.