రబ్బరును గాజులాంటి ప్లాస్టిక్‌గా మార్చేటప్పుడు: సమస్య - పరిష్కారం

కృత్రిమ పాలీఐసోప్రీన్ అనే రబ్బరు గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత, అంటే గాజులా గట్టిగా ఉన్నది మెత్తబడి సాగడం మొదలయ్యే ఉష్ణోగ్రత (ల్యాబుల్లో టీజీ అంటాం), సుమారు మైనస్ 65 డిగ్రీలు. అందుకే అది మామూలు వేడికే సాగుతుంది. వేడికి తట్టుకునే లెన్స్ కావాలంటే టీజీ 100 డిగ్రీలు దాటాలి. దీనికి మొదట ఆమ్ల ఉత్ప్రేరకంతో అణువుల గొలుసులోని ద్విబంధాలను (రెండు కార్బన్ల మధ్య జంట బంధాలను) వలయాలుగా కలపాలి. మిగిలిన వాటిని ఆ తర్వాత హైడ్రోజన్‌తో నింపాలి. ఈ వరుస తారుమారైతే వలయాలు కట్టడానికి ద్విబంధాలే ఉండవు.

సమస్య: ఫ్లాస్క్‌లో ద్రావణం గడ్డకట్టింది.
వలయం కట్టాల్సిన కార్బోకేటయాన్ (ధనావేశమున్న కార్బన్) సొంత గొలుసును వదిలి పక్క గొలుసును పట్టుకుంది. ద్రావణం చిక్కగా ఉంటే ఇలాగే జరుగుతుంది. ఒకసారి జెల్ అయ్యాక ఏ ద్రావణీ దాన్ని కరిగించలేదు, ఆ బ్యాచ్ వదులుకోవాల్సిందే. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు 100 మిల్లీలీటర్ల పొడి టొల్యూన్‌కు 2, 3 గ్రాముల రబ్బరుకు మించకండి. రాత్రంతా కలుపుతూ పూర్తిగా కరిగాకే ఉత్ప్రేరకాన్ని చుక్కచుక్కగా వేయండి. చిక్కబడుతున్నట్టు అనిపించిన క్షణమే మిథనాల్ పోసి ఆపండి. ఒక్క మాట: సైకిల్ ట్యూబు ముక్కలతో ఈ పని కాదు. అప్పటికే గంధకంతో ముడిపడిన రబ్బరు ఉబ్బుతుంది తప్ప కరగదు.

సమస్య: ముక్క గట్టిపడింది, కానీ టీజీ చాలలేదు.
డీఎస్‌సీలో (వేడిచేస్తూ టీజీని కొలిచే పరికరంలో) రెండోసారి వేడిచేసి చూడండి. ఈసారి టీజీ పెరిగితే లోపల ద్రావణి మిగిలినట్టు. వ్యాక్యూమ్‌లో ఇంకా ఆరబెట్టండి. పెరగకపోతే వలయాలు చాలలేదు.

సమస్య: ఎన్‌ఎంఆర్‌లో (అణువు నిర్మాణాన్ని చూపే పరీక్షలో) అంతా శుభ్రంగానే ఉంది, అయినా కొన్నాళ్లకు పసుపు తిరిగింది.
ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. ప్రోటాన్ ఎన్‌ఎంఆర్‌లో 5.1 పీపీఎం దగ్గర కనిపించే, ద్విబంధం మీది హైడ్రోజన్ సంకేతం పోగానే ద్విబంధాలన్నీ పోయాయనుకుంటారు. నిజానికి రెండు ద్విబంధాలు కలిసి ఒక వలయం కట్టినా ఒకటి మిగులుతుంది. నాలుగు కలిసి మూడు వలయాలు కట్టినా ఒకటి మిగులుతుంది. పాలీఐసోప్రీన్‌లో ఆ మిగిలినది చాలావరకు నాలుగు వైపులా కార్బన్లే ఉన్న ద్విబంధం. దానికి హైడ్రోజన్ అంటి ఉండదు కాబట్టి ప్రోటాన్ ఎన్‌ఎంఆర్‌కు కనపడదు. గాలిలోని ఆక్సిజన్‌కు మాత్రం దొరుకుతుంది, అలా పసుపు తిరుగుతుంది. కార్బన్లనే చూపే కార్బన్-13 ఎన్‌ఎంఆర్ తప్పకుండా చూడండి. హైడ్రోజన్ నింపడానికి మామూలుగా వాడే, టొసైల్ హైడ్రజైడ్ నుంచి పుట్టే డైఇమైడ్ గానీ విల్కిన్‌సన్ ఉత్ప్రేరకం గానీ ఇంత కిక్కిరిసిన బంధాన్ని దాదాపు ముట్టవు. తగిన ఆటోక్లేవ్‌లో (అధిక పీడనాన్ని తట్టుకునే మూతపాత్రలో) అధిక పీడన హైడ్రోజన్‌తో పల్లాడియం లాంటి ఘన ఉత్ప్రేరకం వాడి చూడండి. నా మాట వింటే ఇంకా ముందు నుంచే సరిదిద్దుకోవడం మేలు: మిథైల్ గుంపులు లేని 1,2-పాలీబ్యూటాడయీన్ అనే మరో పాలిమర్‌తో మొదలుపెడితే చివరి ద్విబంధం అంత మూసుకుపోదు. ఉత్ప్రేరకం అవశేషాలూ రంగు తెస్తాయి, కాబట్టి కడగడంలో తొందరపడకండి.

సమస్య: రంగు లేదు, కానీ పాలలా మసకగా ఉంది.
పాలీఐసోప్రీన్ బదులు 1,4-పాలీబ్యూటాడయీన్ వాడితే, అందులో వలయాలు కట్టని భాగాలకు హైడ్రోజన్ చేరితే అవి పాలిథిలీన్ అవుతాయి. దాని స్ఫటికాలు కాంతిని చెదరగొడతాయి. వలయీకరణం పూర్తయ్యాకే హైడ్రోజన్ ఇవ్వండి.

సమస్య: రెండు పోలరాయిడ్‌ల (కాంతిని ధ్రువణం చేసే ఫిల్టర్ల) మధ్య పెడితే రంగుల చారలు.
అచ్చులో వేగంగా చల్లారినప్పుడు గొలుసులు ఒకవైపుకు లాగబడినట్టే గడ్డకట్టాయి. అచ్చు వేడి పెంచండి, తర్వాత టీజీకి కాస్త దిగువన ఉంచి మెల్లగా చల్లార్చండి.