వైరస్ ప్రోటీన్ డీఎన్‌ఏను ఎంత గట్టిగా పట్టుకుంటుందో కొలవడం ఎలా?

ఈ.కోలై బ్యాక్టీరియాలో చేరే లాంబ్డా ఫేజ్ అనే వైరస్ డీఎన్‌ఏలో, జన్యువులను అదుపు చేసే కుడి ఆపరేటర్ అనే చోట 17 బేస్ జతల స్థానాలు మూడు ఉంటాయి. వైరస్ ప్రోటీన్లలో ఒకటైన సీఐ రిప్రెసర్ వాటిలో మొదటిదాన్ని అన్నిటికంటే గట్టిగా పట్టుకుంటుంది. క్రో అనే మరో వైరస్ ప్రోటీన్‌కు మూడవదంటేనే మక్కువ. వైరస్ నిద్రాణంగా ఉండిపోవాలా, కణాన్ని పగలగొట్టుకుని బయటపడాలా అన్నది చాలావరకు ఈ తేడా మీదే ఆధారపడి ఉంటుంది. ఆ తేడాను కొలవడానికి జెల్ షిఫ్ట్ పద్ధతి చాలు: ప్రోటీన్ అంటుకున్న డీఎన్‌ఏ జెల్‌లో నెమ్మదిగా కదులుతుందన్నదే దీనికి ఆధారం.

ముందుగా, ఒకే ఒక్క స్థానం ఉన్న చిన్న డీఎన్‌ఏ ముక్కకు మెరిసే రంగును తగిలించి, దాని గాఢతను మీరు ఊహిస్తున్న వియోజన స్థిరాంకంలో (సగం డీఎన్‌ఏను పట్టుకోవడానికి కావలసిన ప్రోటీన్ గాఢతలో) పదో వంతుకు మించకుండా చూసుకోవాలి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. డీఎన్‌ఏ ఎక్కువైతే, వేసిన ప్రోటీన్ అంతా దానికే సరిపోతుంది కనుక, మీరు కొలిచేది పట్టు బలాన్ని కాదు, ప్రోటీన్ పరిమాణాన్ని.

తర్వాత ప్రోటీన్‌ను 0.1 నానోమోలార్ నుంచి రెట్టింపు చేస్తూ పోతే 11వ గొట్టంలో 102.4 నానోమోలార్ అవుతుంది. ప్రోటీన్ లేని గొట్టం ఒకటి విడిగా ఉండాలి. ఉప్పు పెరిగితే పట్టు సడలుతుంది కాబట్టి అన్ని గొట్టాల్లోనూ ఒకే బఫర్ వాడాలి. అరగంట ఆగిన గొట్టాలు, గంట ఆగినవి ఒకే ఫలితం ఇస్తేనే సమతాస్థితి వచ్చినట్టు.

ఎస్‌డీఎస్ (ప్రోటీన్ల ఆకారాన్ని చెడగొట్టే డిటర్జెంట్) కలపని పాలీఅక్రిలమైడ్ జెల్‌ను చల్లగా ఉంచి నడిపితే, ప్రోటీన్ పట్టుకున్న డీఎన్‌ఏ వెనకబడి పైన పట్టీగా కనిపిస్తుంది. అయినా లెక్కకు నేను ఖాళీ డీఎన్‌ఏ ఉన్న కింది పట్టీనే నమ్ముతాను, ఎందుకంటే జెల్‌లో పోతుండగానే కొన్నిచోట్ల ప్రోటీన్, డీఎన్‌ఏ విడిపోయి పై పట్టీ అలుక్కుపోతుంది. ఖాళీ డీఎన్‌ఏ సగానికి తగ్గిన చోట ఉన్న ప్రోటీన్ గాఢతే వియోజన స్థిరాంకం. అది ఎంత తక్కువైతే పట్టు అంత గట్టిది. రెండు స్థానాల మధ్య అది పది రెట్లు తేడా ఉంటే, 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర శక్తిలో తేడా మోల్‌కు సుమారు 1.4 కిలోకేలరీలు.

చివరగా, మొదటి రెండు స్థానాలూ పక్కపక్కనే ఉన్న పొడవాటి ముక్కతో ఇదే ప్రయోగాన్ని మళ్లీ చేయాలి. విడిగా బలహీనంగా కనిపించిన రెండవ స్థానం, పక్కనున్న రిప్రెసర్ జంట (రిప్రెసర్ రెండేసి అణువులుగా కలిసి డీఎన్‌ఏను పట్టుకుంటుంది) ఆసరాతో ఈసారి చాలా తక్కువ గాఢతకే నిండిపోతుంది.