రోహిణి చెమట, మిరుగు తడి: ఇంటి వెల్డింగ్ షెడ్డులో జాగ్రత్తలు

మిరుగు, అంటే మృగశిర కార్తె, జూన్ 7, 8 తారీఖుల్లో వస్తుంది. ఆలోపే కల్టివేటర్ పళ్లు, గుంటుక పాసలు, ట్రాలీ డోర్లు అన్నీ ఒక్కసారే షెడ్డు ముందర పడతాయి. ప్రమాదం అనగానే అందరూ వానను తలుచుకుంటారు గానీ, తడి అంతకు పదిహేను రోజుల ముందే ఒంటి మీద మొదలవుతుంది. రోహిణి కార్తెలో రేకుల కింద గంట పని చేస్తే బనీను పిండొచ్చు. పొడి చర్మం కరెంటును కొంతైనా ఆపుతుంది, చెమట పట్టిన చర్మం ఆపదు. వెల్డింగ్ రాడ్డు ఇనుముకు ఆనించక ముందు దాన్ని పట్టే హోల్డర్ దగ్గర 60 నుంచి 80 వోల్టులు ఉంటాయి. పొడి చేతికైతే చురుక్కుమంటుంది, అంతే. ఒళ్లంతా తడిసి, ఒక చేయి ఇనుప బల్ల మీద ఆనించి, రెండో చేత్తో రాడ్డు మారిస్తే ఆ 80 వోల్టులే ప్రాణం తీయగలవు. పాత ఏసీ ట్రాన్స్‌ఫార్మర్ మిషన్ అయితే ఇంకా జాగ్రత్త. ఏసీ కండరాలను బిగబట్టేస్తుంది, చేయి విడిపించుకోనివ్వదు.

అందుకే తోలు గ్లౌజులు రెండు జతలు దగ్గర ఉంచుకోండి. తడిసిన జత ఎండలో ఆరేలోపు రెండోది వాడొచ్చు. చెమటకు నానిన తోలు కరెంటును ఆపదు, చేతికి ఉందన్న ధైర్యమే తప్ప. కాళ్ల కింద పొడి చెక్క పలక, దాని మీద రబ్బరు షీటు. హవాయి చెప్పులతో వెల్డింగ్ వద్దు, నైలాన్ లుంగీతో అసలే వద్దు.

ఎర్త్ సంగతి

మన దగ్గర షెడ్డు ఎర్త్ (లీకైన కరెంటును నేలలోకి పంపే పైపు, వైరు) రెండు రకాలుగా చెడుతుంది. నల్లగొండ, దేవరకొండ, అచ్చంపేట వైపు చెల్క నేలల్లో మూడు నాలుగు అడుగులకే రాయి తగులుతుంది. రెండున్నర మీటర్ల పైపు దిగదు, దిగినంత వరకు పాతి మిగతాది కోసేస్తారు. గద్వాల, అలంపూర్ వైపు నల్లరేగడిలో పైపు పూర్తిగా దిగుతుంది గానీ, ఎండాకాలం నేల నెర్రెలిచ్చి పైపు చుట్టూ ఖాళీ ఏర్పడుతుంది. అంటే మట్టి పైపును వదిలేసిందన్నమాట.

రాయి తగిలిన చోట నిలువుగా దించాలని పట్టుబట్టకండి. కనీసం అర మీటరు లోతు కాలువ తవ్వి, అందులో పది పదిహేను మీటర్ల జీఐ (జింక్ పూత వేసిన ఇనుప) పట్టీని పడుకోబెట్టి మట్టితో గట్టిగా దిమ్మిస కొట్టండి. రేగడిలో అయితే పైపు నోట్లో మే నెలంతా రోజూ రెండు బిందెల నీళ్లు పోయాలి. నల్లా పైపుకు ఎర్త్ వైరు చుట్టడం వదిలేయండి. మధ్యలో ఎక్కడో ప్లాస్టిక్ జాయింటు ఉంటుంది, ఎర్త్ అక్కడితో సరి.

ఫేజ్‌కు, ఎర్త్‌కు మధ్య వంద వాట్ల బల్బు పెట్టి, వెలిగితే ఎర్త్ బాగున్నట్టే అనుకోవడం అలవాటు. ఆ పరీక్షను నమ్మొద్దు. ఎర్త్ నిరోధం 50 ఓమ్‌లు ఉన్నా ఆ బల్బు దాదాపు పూర్తి వెలుగుతోనే వెలుగుతుంది, తేడా కంటికి ఆనదు. కానీ మిషన్ లోపల ఫేజ్ వైరు బాడీకి తగిలిందనుకోండి, 230ని 50తో భాగిస్తే ఎర్త్‌లోకి పోయే కరెంటు నాలుగున్నర ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే పడిపోయే స్విచ్చి) దానికి చలించదు. మిషన్ బాడీ మీద నిండు కరెంటు అలాగే నిలిచి ఉంటుంది, మీరు వెళ్లి పట్టుకునే దాకా. ఇక్కడ కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు కొంచెం లీకైనా లైను తెంచే స్విచ్చి) ఒక్కటే. ఇన్వర్టర్ రకం వెల్డింగ్ మిషన్‌కు ఏ-టైప్ ఆర్‌సీసీబీ తీసుకోండి. నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడండి, పడిపోకపోతే అది గోడకు అలంకారమే. వానాకాలంలో ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతోందని దాన్ని తప్పించి నేరుగా కలిపేస్తుంటారు. అది పడిపోతోందంటే ఎక్కడో తడి చేరిందని చెబుతున్నట్టే. ఒక్కో మిషన్ ప్లగ్గు తీసి చూస్తే ఏది లీకవుతోందో పది నిమిషాల్లో తెలుస్తుంది.

వైరు విషయంలో పొదుపు పనికిరాదు. 3.15 ఎంఎం రాడ్డును 120 ఆంపియర్ల మీద కాలిస్తే ఇన్వర్టర్ మిషన్ ఇంటి లైను నుంచి సుమారు 22 ఆంపియర్లు లాగుతుంది. పల్లెల్లో వోల్టేజీ 180కి పడితే ఇంకా ఎక్కువ. మామూలు పవర్ సాకెట్ చాలదు, 32 ఆంపియర్ల పాయింటు కావాలి. ఎక్స్‌టెన్షన్ 4 చదరపు మిల్లీమీటర్ల రాగిది ఉండాలి. 20 మీటర్ల పొడవున్న ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వైరు మీద ఇదే పని చేస్తే వైరులోనే 230 వాట్ల దాకా వేడి పుడుతుంది. చుట్టగా ఉంచి వాడితే ఆ వేడి పోయే దారి లేక ఇన్సులేషన్ కరుగుతుంది. పూర్తిగా విప్పి పరచండి. జాయింట్లు నేల మీద కాకుండా పైన వేలాడాలి, తొలి వానకు షెడ్డులోకి నీళ్లు వచ్చేది నేల మీది నుంచే.

గ్రైండర్

నాలుగు ఇంచుల గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది. గార్డు పీకేసి దానికి ఏడు ఇంచుల డిస్క్ బిగిస్తే అంచు వేగం సెకనుకు వంద మీటర్లు దాటుతుంది. ఆ డిస్క్ తట్టుకునేది 80. పగిలితే ముక్క ఎటు పోతుందో చూసే టైము కూడా ఉండదు. కట్టె కోసే పళ్ల బ్లేడును గ్రైండర్‌కు వేయడం ఇంతకంటే ఘోరం, అది పట్టేసిందంటే మిషన్ మొహం మీదికి తిరుగుతుంది.

డిస్క్ మధ్యలో ఇనుప రింగు మీద నెల, సంవత్సరం ముద్రించి ఉంటాయి. అది గడువు తేదీ. డిస్కును పట్టి ఉంచే రెజిన్ తేమకు బలం తగ్గుతుంది కాబట్టి, నిరుటి వానాకాలం గోడ మేకుకు వేలాడిన డిస్కులను పారేయండి. కొత్తవి మూత ఉన్న డబ్బాలో సమంగా పడుకోబెట్టండి. ఏ డిస్క్ బిగించినా మొదట పక్కకు జరిగి ముప్పై సెకన్లు ఊరికే తిప్పాలి. ఒక ఎంఎం కటింగ్ డిస్కుతో పక్కవాటుగా రుద్దడం మానండి, దాని పని కోయడమే.

కరెంటు పోయినప్పుడు చేతిలో గ్రైండర్ ఆగుతుంది, స్విచ్చి మాత్రం లాక్‌లోనే ఉంటుంది. దాన్ని బల్ల మీద పెట్టి బయటికి పోతారు. కరెంటు రాగానే అది తనంతట తాను తిరుగుతూ బల్ల మీంచి దూకుతుంది. గాలివానల నెలలో ఇది రోజుకు నాలుగుసార్లు జరగొచ్చు. కరెంటు పోయిన వెంటనే లాక్ తీయడం, ప్లగ్గు పీకడం చేతికి అలవాటు కావాలి.

డ్రమ్ములు, గడ్డివాములు

డీజిల్ పెట్రోల్ లాగా అంటుకోదు కదా అని ఖాళీ డీజిల్ డ్రమ్మును సగానికి కోయడానికి దిగుతారు. డీజిల్ ఆవిరి అంటుకోవడానికి కనీసం 35 డిగ్రీలు ఉండాలి, చలికాలం బతికిపోయేది అందుకే. మే నెల ఎండలో నిలబెట్టిన డ్రమ్ము లోపల ఆ వేడి ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. గుక్కెడు డీజిల్ అడుగున మిగిలినా చాలు, డ్రమ్ము బాంబే. తప్పదంటే రెండు మూతలూ తీసి, కోసే చోటు ఒక్కటే పైకి ఉండేలా నీళ్లతో నింపి ఇనుము కోసే ఉలితో కోయండి, గ్రైండర్ వద్దు. పురుగుమందు డ్రమ్ములను ఏ పద్ధతిలోనూ ముట్టుకోవద్దు.

నిప్పురవ్వలు 35 అడుగుల దాకా పోతాయి. గాలి ఉంటే ఇంకా దూరం. వరిగడ్డి వాము, పత్తికట్టె కుప్ప అంత దగ్గరలో ఉంటే పని పొద్దున్నే, గాలి లేవక ముందే ముగించండి. రెండు బకెట్ల నీళ్లు, ఒక తడి గోనెసంచి దగ్గరుండాలి (మంటలకే, కరెంటు మిషన్ అంటుకుంటే నీళ్లు కాదు ఇసుక). పని అయ్యాక అరగంట అక్కడే ఉండండి. గడ్డిలో పడ్డ రవ్వ వెంటనే మండదు, లోపల రాజుకుంటుంది.

జీఐ పైపులు అతికేటప్పుడు తెల్లటి పొగ లేస్తే అది జింక్. ఆ రాత్రికే చలిజ్వరం, నోట్లో ఇనుము రుచి. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది గానీ, ముందే అతుకుకు రెండు వైపులా రెండు ఇంచులు పూత గీకేసి, పొగను పక్కకు లాగేలా ఫ్యాను పెట్టుకుంటే ఆ బాధే ఉండదు. ఆర్క్ (వెల్డింగ్ వెలుగు) చూసిన కళ్లు కూడా అంతే, మంట సాయంత్రం దాటాకే మొదలవుతుంది. చనుబాలు, కొబ్బరినూనె చుక్కలు వేయకుండా కళ్ల డాక్టరుకు చూపించండి. వెల్డింగ్ ముసుగులో 11 నంబరు నల్లద్దం మీకు సరే, షెడ్డు గడపలో నిలబడి చూసే పిల్లలకు ఏ అద్దమూ లేదు. ఆ వైపు పాత రేకు ఒకటి అడ్డం పెట్టండి.

రాడ్లు, కల్టివేటర్ పళ్లు

తేమ పట్టిన రాడ్డు చప్పుడులోనే తెలిసిపోతుంది. సమంగా చర్రుమనకుండా టప్ టప్ మని పేలుతుంది, అతుకు మీద సూదిబెజ్జాలు పడతాయి. మామూలు పనులకు వాడే 6013 రకం రాడ్లను 100 నుంచి 120 డిగ్రీల మీద ఒక గంట ఆరబెడితే చాలు, అంతకు మించితే పూత చెడుతుంది. గట్టి అతుకులకు వాడే 7018 రకం అలా కాదు, వాటికి 300 డిగ్రీలు దాటాలి, గంటకు పైనే. పాడైన ఫ్రిజ్‌లో 60 వాట్ల బల్బు వెలిగించి దాచుకునే పద్ధతి ఆరిన రాడ్లను అలాగే నిలుపుతుంది, తడిసిన 7018ను మాత్రం బాగుచేయదు.

కల్టివేటర్ పన్ను మామూలు ఇనుము కాదు, కార్బన్ ఎక్కువ. బురదతో వచ్చిన పన్నును అలాగే 6013తో అతికితే ఆ రోజు బాగానే ఉంటుంది, చెల్కలో మొదటి రాయి తగలగానే అతుకు పక్కన విరుగుతుంది. మట్టి, తుప్పు గీకండి. అతికే చోటును వేడి చేసి నీటిచుక్క వేయండి. చుక్క ఆవిరైపోకుండా ముత్యంలా చిందులేస్తూ జారితే వేడి సరిపోయినట్టు. 7018తో అతికాక పొడి బూడిదలో కప్పి తెల్లారేదాకా వదిలేయండి. నీళ్లలో ముంచితే గాజులా పెళుసవుతుంది. రోటవేటర్ బ్లేడు విరిగితే అతకనే వద్దు, కొత్తది కొనుక్కోమనండి. అతికిన ముక్క తిరిగే వేగంలో ఊడితే వెనక నడిచే మనిషికి తగులుతుంది.

ట్రాక్టర్ మీదే అతకాల్సి వస్తే ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పాలి. ఎర్త్ క్లాంపు అతుకుకు అడుగు లోపు, తుప్పు గీకిన చోట పట్టాలి. దూరంగా ముందు చక్రం దగ్గర పడితే కరెంటు బేరింగుల గుండా పోతుంది. బేరింగులో కరెంటు కాల్చిన చిన్న గుంటలు ఆ రోజు కనబడవు, దుక్కుల నడుమ చేనులో బేరింగు మోగుతుంది.